తెరకు అడ్డొచ్చిన మనిషి

మా ఆయన నెవ్ ఆ కెమెరా కొన్నది పావురాల కోసం. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. ఇప్పుడు లోకమంతా అదేదో ఓ గొప్ప రాక్ బ్యాండు కోసమే పుట్టిన కెమెరా అనుకుంటోంది మరి. ఫ్రాన్సులో వదిలిన పందెం పావురాలు సముద్రం దాటొచ్చి మా పెరటి గూటి మీద వాలేటప్పుడు ఏ కాలు ముందు ఆనిస్తాయో చూడాలన్నది ఆయన జీవితాశయం. శబ్దం కూడా పట్టే కెమెరాలు అంగట్లో ఉన్నా కొనలేదు. "పావురం ఏమంటుందో నాకు తెలుసు కదా ఎవ్రిల్, మళ్ళీ దానికి డబ్బు పోయడం ఎందుకు?" అన్నాడు.

ఆయన పోయాక గూడు ఖాళీ అయింది. అటక మీద సినిమా చుట్టలు మాత్రం మిగిలాయి. ఒక్కోదాని డబ్బా మీద ఒక్కో పావురం పేరు. వాటిలో ఒకదాని చివర టిన్ విండోస్ బ్యాండువాళ్ళు ఉన్నారని నేను మా హాలిఫాక్స్ గ్రంథాలయంలో పిల్లకి మాటవరసకి చెప్పాను. ఊళ్ళో మూతపడిన పాత క్లబ్బుల ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని ఆ అమ్మాయి అడిగింది లెండి. మాటవరసకి అన్నది వారం తిరక్కుండా తలుపు తట్టింది.

తలుపు తీసేసరికి గుమ్మంలో యాభై దాటిన మనిషి. కుర్రాళ్ళ తోలుకోటు, ముసలాళ్ళ మోకాళ్ళు.

"మిసెస్ హెప్‌వర్త్? నేను రసెల్ పెంబర్టన్ని. సర్రీ నుంచి వస్తున్నాను. టిన్ విండోస్ మీద పుస్తకం రాశాను," అన్నాడు ఒక్క ఊపిరిలో. "మీ దగ్గర ఉన్నది నిజమేనా? వాళ్ళు వేదిక మీద వాయిస్తున్నదేనా?"

"వాయించడం ఉంది. పావురాలు ఎక్కువున్నాయి," అన్నాను.

టిన్ విండోస్ మా ఊరివాళ్ళే. రెండు రికార్డులు చేశారు, పాటగాడు లైల్ క్రాబ్‌ట్రీ చిన్నవయసులోనే పోయాడు, దాంతో బ్యాండూ పోయింది. ఉన్నన్నాళ్ళు మా ఊళ్ళో వాళ్ళని పట్టించుకున్న నాథుడు లేడు. ఇప్పుడు గిటారు పట్టిన ప్రతివాడూ అంతా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నానంటాడు. కదిలే బొమ్మల్లో లైల్ పాడుతుండగా చూసినవాళ్ళు లేరట. అలాంటి ముక్క ఒక్కటీ దొరకలేదట.

"శనివారం టీకి రండి, నింపాదిగా వెతుకుదాం," అన్నాను.

శనివారం ఐదింటికి వచ్చాడు, చేతిలో చిన్న బిస్కట్ల పొట్లంతో. బల్ల మీద వేయించిన మాంసం, ఉడకబెట్టిన దుంపలు, క్యారెట్లు, గ్రేవీ, వెనకాల కస్టర్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మా ఉత్తర ఇంగ్లండులో టీ అంటే సాయంత్రం భోజనమని సర్రీ వైపు దక్షిణాదివాళ్ళకి ఎవరూ చెప్పరు. పాపం రైల్లో శాండ్‌విచ్చి తినేసి వచ్చాడట. నాకు మొహమాటపడి మళ్ళీ మొత్తం తిన్నాడు. అంతా అయ్యాక, "మరి... టీ?" అన్నాడు భయంభయంగా.

"అయిపోయింది కదా," అన్నాను.

తర్వాత జాలేసి కెటిల్ పెట్టాను.

చుట్టలు చూడ్డానికి నెవ్ వాడిన చిన్న పెట్టె ఉంది. పిడి తిప్పుతుంటే అరచేతంత తెర మీద బొమ్మ కదులుతుంది. రసెల్ తిప్పేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. మొదటి శనివారం ఎర్నీ అనే పావురం వాలింది. రెండో శనివారం డాఫ్నీ. ఆ తర్వాత ఎర్నీయే మళ్ళీ, ఇంకో కోణం నుంచి. రసెల్‌కి పావురాల కాళ్ళ గురించి ఒక అభిప్రాయం ఏర్పడుతున్నట్టే కనిపించింది.

బ్యాండు ఉన్నది విన్నీ చుట్టలో అని నాకు తెలుసు. విన్నీ పందెం గెలిచిన ఏడాదే కదా అది. ఆ డబ్బా అడుగున పెట్టాను. కప్పులు రెండు కడగడం అలవాటు తప్పి చాలాకాలమైంది, అదొక కారణం. ఇంకో కారణం ఉంది. అన్ని చుట్టల్లోనూ మా పెరడు ఉంది, మా గూడు ఉంది, ఆరేసిన నా దుప్పట్లు కూడా ఉన్నాయి. నెవ్ ఎక్కడా లేడు. కెమెరా పట్టుకున్నవాడు బొమ్మలో ఎలా ఉంటాడు? ఆ ఒక్క ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్స్ లేన్ క్లబ్బులో, కెమెరా కాసేపు నా చేతికిచ్చాడు. ఆ కాసేపట్లో చుట్ట నడుస్తూనే ఉందో, అప్పటికే అయిపోయిందో నాకు తెలియదు. అయిపోయి ఉంటే నెవ్ కదులుతున్న బొమ్మ భూమ్మీద లేనట్టే. తెలియనంతవరకు ఉన్నట్టే లెక్క కదా. అందుకని విన్నీ అడుగునే ఉంది.

మా పక్కింటి మ్యూరియల్ కంచె మీదుగా మెడ చాచింది. "ఏమే, వారం వారం వస్తున్నాడు ఆ తోలుకోటాయన. ఏం చేస్తారే మీరిద్దరూ?"

"పావురాలు చూస్తాం."

"ఈ వయసులో దానికి ఆ పేరా?" అంది మ్యూరియల్.

చివరికి విన్నీ తప్ప డబ్బాలు మిగల్లేదు. రసెల్ మెల్లగా పిడి తిప్పాడు. విన్నీ వాలింది, కుడికాలు ముందు. తర్వాత తెర చీకటైంది. ఆ తర్వాత ఒక్కసారిగా క్లబ్బు కిటికీల్లోంచి ఎండ, పొగ, బల్లల మీద బీరు గ్లాసులు, ఆ వెనక లైల్ క్రాబ్‌ట్రీ, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, మైకుని కరిచేటట్టు పాడుతూ.

నెవ్‌కి ఆ సంగీతమంటే పళ్ళు పులిసేవి. తీసింది దేనికంటే, విన్నీ వాలాక చుట్టలో కొంత మిగిలింది. మిగిలినది వాడకుండా కడగడానికి పంపితే అది పాపం. మా వైపు మనుషులకి నరకంలో దానికో ప్రత్యేకమైన గది ఉంటుంది.

రసెల్ కళ్ళు తుడుచుకోలేదు. చేయి పిడి మీద ఉంది మరి. కాసేపటికి తెర మీద డ్రమ్ములవాడి చేతులు ఆగాయి. గిటార్లు ఆగాయి. లైల్ జనం వైపు వీపు తిప్పి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదే," అన్నాడు రసెల్ గుసగుసగా. "ఇంగ్స్ లేన్ మౌనం."

ఆయన పుస్తకం అప్పటికే చదివాను. పాట నడుమ బ్యాండు ఆగిపోయి, ఒక్క మాట లేకుండా నిలబడి, మా ఊళ్ళో మూతపడుతున్న మిల్లుల కోసం శోకం పాటించి నిరసన తెలిపిందని ఒక అధ్యాయం మొత్తం ఉంది.

అంతలో బొమ్మ ఊగింది, పక్కకి ఒరిగింది, మళ్ళీ లైల్ వీపు మీదికి వచ్చింది. కెమెరా నా చేతికి వచ్చిందన్నమాట. నేను తెర మీదికి వంగాను. ఎడమవైపు నుంచి లావుపాటి మనిషి ఒకడు రెండు చేతుల్లో రెండు పళ్ళేలతో నడిచి వచ్చాడు. సరిగ్గా లైల్‌కి అడ్డంగా ఆగాడు. నేరుగా మా ఇద్దరి వంక చూసి ఏదో అన్నాడు. నవ్వాడు. చుట్ట అయిపోయింది.

"ఛ! ఎవడండీ ఈ దున్నపోతు?" అన్నాడు రసెల్.

"మా ఆయన."

ఇంగ్స్ లేన్ మౌనం రెండోసారి మా వంటింట్లో జరిగింది.

"క్షమించండి," అన్నాడు. పిడి ఒక చుట్టు వెనక్కి తిప్పి, "ఆ చేతుల్లో ఏమిటి?" అన్నాడు.

"పైలు. మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చినవి."

"వాళ్ళు మౌనం పాటిస్తుంటే ఈయన పైలు తెచ్చుకుంటున్నాడా?"

ఇక చెప్పక తప్పలేదు. క్లబ్బు కార్యక్రమాలన్నీ హెరాల్డ్ సట్‌క్లిఫ్ చేతిలో ఉండేవి. బేకరీ బండి రాగానే ఆయన తలుపు దగ్గర నుంచే, "ఏయ్ అబ్బాయిలూ, ఆపండాపండి, పైలు వచ్చాయి!" అని కేకేశాడు. లైల్, "పాట సగంలో ఉందండీ," అన్నాడు. "పాట చల్లారదు నాయనా, పై చల్లారుతుంది," అన్నాడు హెరాల్డ్. "మీ అరగంట ఇంకా అవలేదు, ఎక్కడికీ పోకండి, అక్కడే నిలబడండి." నెవ్ కెమెరా నాకిచ్చి జనంతోపాటు వరసలో నిలబడ్డాడు. బ్యాండువాళ్ళు అక్కడే నిలబడ్డారు.

"అంటే అది నిరసన కాదా?" అన్నాడు రసెల్.

"అయ్యుండొచ్చు. వాళ్ళకి పైలు ఇవ్వలేదు మరి."

చుట్టని డిజిటల్‌లోకి మార్పించడానికి తీసుకెళ్ళాడు. తర్వాతి శనివారం లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. చక్కగా శుభ్రం చేయించాడు, కిటికీ అద్దం తుడిచినట్టుంది. లైల్ పాడాడు, ఆగాడు, వీపు తిప్పాడు. తెర నల్లబడిపోయింది.

"మిగతాది?" అన్నాను.

"అదేనండీ మీతో మాట్లాడదామని. లైల్ మీద ముగిస్తే ఎంత అందంగా ఉందో చూశారుగా. మిగతాది మీకు వేరే కాపీ ఇస్తాను. ఇంట్లో మీరు చూసుకోవచ్చు."

"ఇంట్లో చూసుకోవడానికి పావురాలున్నాయి."

"ప్రపంచమంతా చూస్తుంది మిసెస్ హెప్‌వర్త్. వాళ్ళు చూడాలనుకునేది బ్యాండుని."

"చూడనివ్వండి. చూశాక మా ఆయన్ని కూడా చూస్తారు. ఆయనేం నెలల తరబడి నిలబడలేదు కదా."

"నా పుస్తకం సంగతి..." అని ఆగాడు. మంచి మనిషి, అబద్ధం చెప్పడం అలవాటు లేదు, చెవులు ఎర్రబడ్డాయి. "ఆ పళ్ళేలు చూస్తే జనం నన్ను చూసి నవ్వుతారండీ."

నాకు తెలుసు. ఆయన మీద కోపం కూడా రాలేదు. సరే అనేస్తే వచ్చే శనివారం కూడా వస్తాడు, ఫొటోలు, లెక్కలు, ఇంకో పుస్తకం, ఏదో ఒకటి ఉంటుంది. పొయ్యిలో మాంసం వేగుతోంది. రెండు పళ్ళేలు వెచ్చబెట్టి ఉన్నాయి.

"ఆ చుట్ట నాది రసెల్," అన్నాను. "మొత్తం ఉంటే ఉంటుంది. లేకపోతే మళ్ళీ అటకెక్కుతుంది. దుంపలు ఎన్ని వెయ్యమంటారు?"

ఆయన దుంపలు తిన్నాడు. చుట్ట మొత్తం ఇంటర్నెట్లో పెట్టాడు కూడా, మాట తప్పలేదు. ఆ తర్వాత రాలేదు. ఎందుకొస్తాడు? కుళాయి బాగుచేసినవాడు కుళాయి ఎలా ఉందో చూద్దామని మళ్ళీ వస్తాడా? క్రిస్మసుకి కార్డు వచ్చింది, లైల్ బొమ్మతో.

సినిమా మాత్రం లోకమంతా తిరిగింది. కింద జనం రాసే వ్యాఖ్యలు చదవడం నాకు పొద్దుటి పనుల్లో ఒకటైంది. మొదట్లో లైల్ గురించే. తర్వాత మా ఆయన మీద పడ్డారు. "తాతా, పక్కకి జరుగు!" అని బెర్లిన్ నుంచి ఒకడు. నెవ్‌కి అప్పటికి ముప్పై నిండలేదు, వింటే నొచ్చుకునేవాడు. "చరిత్రకి అడ్డొచ్చిన బొజ్జ" అని ఒకావిడ. కాలేజీలో నేను చదివింది చరిత్రే కాబట్టి ఆ మాట కాదనలేను. పై ఎక్కడ దొరుకుతుందని ఓస్లో నుంచి ఒకతను అడిగాడు. ఆయన్ని అంతమంది ఒకేసారి తిట్టగా విన్నది వాళ్ళమ్మ బతికున్నప్పుడే. ఇల్లు కాస్త నిండినట్టు ఉండేది. లాప్‌టాప్ మూస్తే మళ్ళీ కెటిల్ చప్పుడే.

కొన్నాళ్ళకి అవీ తగ్గాయి. నాకొక్కటే మిగిలింది. ఆయన నా వంక చూసి ఏదో అంటున్నాడు. కెమెరాలో శబ్దం లేదు. నాకు గుర్తు లేదు. ఎన్నిసార్లు చూసినా పెదాలు రెండుసార్లు తెరుచుకుంటాయి, నవ్వుతాడు, అయిపోతుంది. ఒకరోజు ధైర్యం చేసి నేనే కింద రాశాను: "ఆ పళ్ళేల మనిషి ఏమంటున్నాడో ఎవరైనా చెప్పగలరా?"

రోజూ చూసుకున్నాను. "'నాకు ఆకలేస్తోంది' అంటున్నాడు" అని ఒక వెటకారం తప్ప ఏమీ లేదు. మ్యూరియల్‌కి చూపించాను. "'వేడిగా ఉంది' అంటున్నాడే," అంది. అది కాదు. ఆయన ఎండాకాలంలో కూడా ఆ మాట అన్న మనిషి కాదు.

తర్వాతెప్పుడో హల్ ఊరి నుంచి ఒకావిడ రాసింది. పుట్టుకతోనే చెవులు వినపడవట, పెదాలు చూసి మాటలు పట్టుకుంటుందట. "ఆయన 'నీకేది కావాలి?' అని అడుగుతున్నారండీ," అని రాసింది. "రెండోసారి కాస్త గట్టిగా అడిగారు. మీరు విన్నట్టు లేదు."

మళ్ళీ చూశాను. అవును. ఒక పళ్ళెంలో పై పక్కన బఠాణీలున్నాయి, రెండోదాంట్లో లేవు. నెవ్ జన్మలో బఠాణీ ముట్టలేదు. పెళ్ళికి ముందు నుంచీ బఠాణీల పళ్ళెం నాదే. అందులో అడగడానికేముంది?

అడగాల్సిన పనేమీ లేదు. లేదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. కెమెరా చేతికి రాగానే నేను దాన్ని లైల్ వీపు మీద పెట్టి, ఆయన పళ్ళేలు పట్టుకుని వస్తున్నా తిప్పకుండా ఉన్నాను. గదిలో నిలబడటానికి అంత చోటుండగా ఆయన వచ్చి సరిగ్గా ఆ పిల్లవాడికి అడ్డంగానే ఎందుకు నిలబడ్డాడా అని ఇన్నాళ్ళూ లోకంతోపాటు నేనూ అనుకున్నాను. నా చూపు ఆ పిల్లవాడి మీంచి తన మీదికి తిప్పుకోవడానికన్నమాట.

హల్ ఆవిడకి జవాబు రాయాలి కదా. "చాలా సంతోషమండీ" అని రాశాను. ఇంకేమైనా రాద్దామని వేళ్ళు మీటల మీద ఉంచి కూర్చున్నాను. బయట మ్యూరియల్ బట్టలు తీస్తూ ఎవరినో కేకేస్తోంది, నన్ను కాదు. ఒక్క మాట కలిపాను: "బఠాణీలున్నది."