కిరీటంలో ఎడమ సగం

ఈజిప్టులోని మా దమియెట్టా ఊళ్ళో లూయీ సోఫా లేనిదే పెళ్ళికూతురు గడప దాటదు. ఎప్పుడో పోయిన ఫ్రెంచి రాజు పేరది. ఆయన ముఖం ఎలా ఉండేదో మాకెవరికీ తెలియదు గానీ, ఆయన కాలపు గులాబీలూ, మెలిక తిరిగిన ఆకులూ, గవ్వలూ మావాళ్ళు కళ్ళు మూసుకుని చెక్కేస్తారు. వాటికి బంగారు రేకు అంటించడం నా పని. ఒకప్పుడు మా ఆయన చేసేవాడు, ఆయన పోయాక కుంచె నేను పట్టుకున్నాను. నోరు కాస్త ఎక్కువని వీధిలో నాకు పేరు. ఉంటే ఉండనీ. పనిలో ఊపిరి తగిలినా రేకు ఎగిరిపోతుందని నోరు కుట్టేసుకుని కూర్చుంటాను. మిగతా వేళల్లో అయినా మాట్లాడకపోతే నేనేమైపోవాలి?

బదీర్, రిఫాయీ అన్నదమ్ములది నా పక్క దుకాణమే. సోఫా వీపు మీద నిలబెట్టే చెక్క కిరీటం వాళ్ళ చేతిదైతేనే కావాలని అడిగి మరీ చేయించుకునేవారు. కాగితం మీద సగం బొమ్మే గీస్తారు. దాన్ని తిరగేస్తే రెండో సగం. కుడి సగం తమ్ముడు రిఫాయీ చెక్కుతాడు. అన్న బదీర్‌ది ఎడమచేతి వాటం, ఎడమ సగం ఆయనది. రెండూ అతికించాక ఏది ఎవరిదో నాకే తెలిసేది కాదు.

కిందటి రంజాన్ తర్వాత బదీర్ ఎడమచేతికి వణుకు పట్టుకుంది. గ్లాసెత్తితే సగం టీ ఒంటిమీదే. ఉలి పక్కన పెట్టేశాడు. వీధిలోకి వస్తే ఆ చేతిని పొడుగాటి గలాబియా చొక్కా జేబులో దాచుకునేవాడు. అంతలో కూతురు నగాత్ పెళ్ళి కుదిరింది. ఇక్కడ పెళ్ళి సామానంతా టాపు లేని లారీల మీద ఊరేగుతుంది. పైగా పెళ్ళికొడుకు వాళ్ళది తరతరాల వడ్రంగం, వాళ్ళ కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదు. రెండు సగాలూ తానే చెక్కుతానన్నాడు రిఫాయీ. మెషీన్ మీద కోయించుకోమన్నారు ఇంకెవరో. బదీర్ వినలేదు.

"నా కూతురి సోఫాకి నా సగం నేనే చెక్కుతాను. అదీ చేతకాకపోతే లారీ వెనకాల ఏ ముఖం పెట్టుకుని నడవమంటావురా?" అన్నాడు తమ్ముడితో.

చెక్కాడు. మణికట్టును బల్లకేసి అదిమిపెట్టి, పళ్ళు బిగించి చెక్కాడు. చూడలేక నేను లోపలికి పోయేదాన్ని. పని అయితే బొటనవేలితో అంచులన్నీ తడిమి చూసుకోవడం ఆయనకు అలవాటు. ఆ రోజు తడమలేదు. బాగానే వచ్చినట్టుందని గొణిగి ఇంటికి పోయాడు.

బాగా రాలేదు. గులాబీ రేకుల అంచులన్నీ అలలు అలలుగా ఉన్నాయి. పక్కనే రిఫాయీ సగం తీర్చిదిద్దినట్టుంది. తేడా పసిపిల్ల కూడా కనిపెడుతుంది. బంగారం పడితే ఇక చెప్పక్కర్లేదు, అది మెరిసి మరీ పట్టిస్తుంది. రేకు కింద వేసే సుద్దపూత మందంగా వేసి ఆ గుంటలు పూడ్చేస్తానన్నాను. రిఫాయీ ఒప్పుకోలేదు. పూడిస్తే అన్న వేలికి ఇట్టే తెలిసిపోతుందట, తన పని మీద ఇంకెవరో చెయ్యి వేశారని కుమిలిపోతాడట.

మర్నాడు మధ్యాహ్నం టీ పట్టుకుని వెళ్ళేసరికి రిఫాయీ తన సగం మీద ఉలి పెట్టి కూర్చున్నాడు. నిక్షేపంలాంటి అంచుల్ని చెడగొడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మతి గానీ పోయిందా ఏమయ్యా? ఒకటి పాడైంది చాలక రెండోది కూడానా?"

తలెత్తలేదు. అన్న సగం మీద ఒక అలను వేలితో తడిమి, సరిగ్గా అదే చోట, అంతే లోతుకు తన వైపు ఉలి దించాడు.

"జత కలవాలి కదా వదినా. నాది ఒక్కటే బాగుండి ఏం చేసుకోను?" అన్నాడు.

నిలకడగా ఉన్న చేత్తో ఇంకొకరి వణుకు చెక్కడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. చొక్కా తడిసి ముద్దయింది. టీ చల్లారిపోయింది. అంతసేపు నేను నోరెత్తకుండా నిలబడ్డానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. నాకు ఏడుపొచ్చింది. సుద్ద పల్చగా వేశాను, ఒక్క అల కూడా పూడకుండా.

ఊరేగింపు రోజు డప్పులు మోగుతుండగా పెళ్ళికొడుకు మేనమామ లారీ ఎక్కాడు. ఆయన కూడా చెక్కడం పనివాడే. కిరీటాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. ఆకులు నీళ్ళలో కదులుతున్నట్టున్నాయనీ, ఇదేదో కొత్త పోకడ అనీ, రెండు వైపులూ భలే కలిశాయనీ మెచ్చుకుని దిగాడు.

తర్వాత బదీర్ ఎక్కాడు. బొటనవేలితో తన సగం తడిమాడు. అలాగే కుడివైపుకి జరిపాడు. వేలు ఆగిపోయింది. మళ్ళీ ఎడమకి వచ్చింది, మళ్ళీ కుడికి వెళ్ళింది. కింద నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరేయ్, ఇంత బాగా వణకడం ఎక్కడ నేర్చుకున్నావురా?"

"నీ దగ్గరే అన్నయ్యా. పని నేర్పింది నువ్వే కదా," అన్నాడు రిఫాయీ.

బదీర్ మెల్లగా దిగాడు. లారీ కదిలింది. ఆయన చేతిని జేబులో దాచుకోలేదు. వణుకుతున్న దాన్ని అలాగే తమ్ముడి భుజం మీద వేసి, ఊరంతా చూస్తుండగా లారీ వెనకాల నడిచాడు.