గొర్రెపిల్ల తీర్పు

పానగల్ దగ్గరి ఆ గొల్లగూడెంలో ఐలేశం మాటకు ఎదురు లేదు. పోలీసు పటేలు చెప్పినా వెనకాల గొణిగేవాళ్లు గానీ, కులపెద్దల కచ్చీరులో ఐలేశం నోరు తెరిచాక ఆ గొణుగుడు కూడా ఉండేది కాదు. ఆయన గొంతు పెద్దదనో మీసం గొప్పదనో కాదు, అదంతా ఒక పరీక్ష మహిమ. మందలు కలిసిపోయి ఏ పిల్ల ఎవరిదో తేలనప్పుడు, తగువు పడ్డ ఇద్దరి గొర్రెలనూ చెరోవైపు నిలబెట్టి పిల్లను మధ్యలో వదిలేవాడు. అది ఏ గొర్రె పొదుగు కిందికి దూరితే ఆ ఇంటిది. ఆయన తండ్రీ ఇలాగే తీర్పు చెప్పాడు, తాతా ఇలాగే చెప్పాడు. లంచం తెలియని మూగజీవం, దానికి పక్షపాతం ఎక్కడిదని అందరూ తృప్తిగా ఇళ్లకు పోయేవాళ్లు.

సాగర్ డ్యాం పని మొదలైన రోజుల్లో సైదులు తగువు వచ్చింది. తల్లిని నల్గొండ దవాఖానలో పెట్టుకుని అతను కొన్నాళ్లు ఊళ్లో లేడు. తిరిగొచ్చేసరికి నిండు చూడి గొర్రె చచ్చిపోయి ఉంది. పిల్ల ఏమైందో చెప్పేవాళ్లు లేరు. తీరా చూస్తే పర్వతాలు అనేవాడి మందలో ఒక పిల్లకు చెవి మీద తెల్లమచ్చ కనిపించింది. ఆ మచ్చ సైదులు గొర్రెల సంతులో తప్ప ఇంకెక్కడా రాదు. అతను ముందూ వెనకా చూడకుండా దాన్ని ఎత్తుకొచ్చి తన దొడ్లో కట్టేసుకున్నాడు. పర్వతాలు ఐలేశం తమ్ముడి కొడుకు. లబోదిబోమంటూ వచ్చి కచ్చీరు పెట్టించాడు.

పిల్లను వదిలారు. అది తిన్నగా పర్వతాలు గొర్రె దగ్గరికి పోయి పాలు తాగింది. గొర్రె కూడా దాని తోక వాసన చూసి కదలకుండా నిలబడింది.

"నా గొర్రె సచ్చిపాయె మామా, గది ఇంకెవరి తానకు పోతది?" అన్నాడు సైదులు.

"పరాయి పిల్లనైతే గొర్రె తన్ని తరమదా? నీకెరిక లేదా అల్లుడా?" అన్నాడు ఐలేశం.

చెవి మీది మచ్చ ఐలేశం కూడా చూశాడు. చూసి, మచ్చలదేముందిలే అనుకున్నాడు. సైదులు దొంగ అని తేలింది. ఇకమీదట అతనికి నిప్పు లేదు, నీళ్లు లేవు, మందలో చోటు లేదు.

ఆ సాయంత్రమే ఐలేశం భార్య గుర్వమ్మ తిరుమలగిరి పుట్టింటి నుంచి వచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"అయ్యో! గా పిల్ల సైదులుదే. వాళ్ల గొర్రె ఈని సచ్చింది. అదే పూట పర్వతాలు గొర్రెకు పిల్ల సచ్చె. మొగోళ్లంత మేతకు పోయిండ్రు. నేనే సచ్చిన పిల్ల తోలు దీసి దీనికి కప్పి, గా వాసనకు గొర్రె తన పిల్లే అనుకునేటట్టు అలవాటు చేసిన. ఇంతల మా తమ్మునికి బాగలేదని కబురొస్తే ఉన్నపళంగ పోతిని. రేపు కచ్చీరుకొచ్చి నేనే చెప్త."

"ఆడోళ్లు కచ్చీరుకొచ్చుడు ఎన్నడన్న ఉన్నదా? సప్పుడు చెయ్యకు" అన్నాడు ఐలేశం.

ఆయన రాయి గుండెవాడేం కాదు. అన్నం సయించలేదు కూడా. కానీ ఈ పరీక్ష ఒక్కసారి తప్పిందని తెలిస్తే పాత తీర్పులన్నీ తిరగదోడతారు, తాతల నాటి పిల్లల కోసం కూడా కర్రలు తీస్తారు, ఇక ఎవరి మాట ఎవరు వింటారు అనుకున్నాడు. ఊరిని కాపాడుతున్నాననే అనుకున్నాడు. అందుకే ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది. ఆ నిద్రను తలుచుకునే తర్వాత ఏళ్లపాటు కుమిలిపోయాడు పాపం.

ఒంటరి మందకు కాపలా ఎక్కడిది? తోడేళ్లు తిన్నవి తినగా మిగిలినవాటిని సైదులు అమ్ముకుని, తల్లినీ పెళ్లాన్నీ తీసుకుని సాగర్‌కు రాళ్లు మోయడానికి పోయాడు. కొన్నేళ్లకు తల్లి అక్కడే చనిపోయింది. గూడెంలో మొగుడి పక్కనే పూడ్చమని చివరి కోరిక కోరిందట. సైదులు బండి మీద శవాన్ని తెచ్చాడు. గూడెంలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. డ్యాం పనికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు, ఆ ముసలమ్మ పేరైనా సరిగా తెలియనివాళ్లు, పాడె మోశారు.

ఐలేశం తట్టుకోలేకపోయాడు. గొయ్యి పూడ్చి అందరూ వెళ్తుంటే సైదులును పక్కకు పిలిచాడు.

"అల్లుడా, పిల్ల నీదే. నాకు గారోజే ఎరికైంది. తప్పంత నాదే."

సైదులు చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. "నాకెందుకు చెప్తున్నవ్ మామా? నాకెరికే గద. ఎరికలేనోళ్లకు చెప్పు" అన్నాడు.

ఐలేశం కచ్చీరు పిలిపించాడు. దాచకుండా అంతా చెప్పాడు. పరీక్ష తప్పిందన్నాడు, తెలిసీ నోరు మూసుకున్నానన్నాడు.

"గట్లెట్లైతది పెద్దబాపూ? పిల్ల నా గొర్రె తానకు పోయింది. మేమందరం కండ్లతోని చూసినం. నువ్వే గద చెప్పినవ్" అన్నాడు పర్వతాలు. అతను అబద్ధమాడటం లేదు. ఆ రోజు ఐలేశం చూపించిందే అతను చూశాడు.

దూరంగా నిలబడ్డ గుర్వమ్మ ముందుకొచ్చి, "తోలు కప్పింది నేనే" అంది. "ఆడోళ్లకు కచ్చీరుల మాటేంది? మన పెద్దాయన నిలబెట్టిన కట్టుబాటేనాయె" అన్నాడొక ముసలాయన, ఐలేశం మీద ఎంతో గౌరవంగా. ముసలితనానికి మనసు మెత్తబడిందని, శవాన్ని చూసి జాలిపడి నింద తన మీద వేసుకుంటున్నాడని అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. అంత మంచివాడి మాట తీసెయ్యకూడదనుకుని, చివరికి సైదులు దొంగతనాన్ని మాఫ్ చేశారు.

ఐలేశం ఎంత మొత్తుకున్నా అంతకు మించి ఒక్క అడుగు కదల్లేదు వాళ్లు. ఒక మనిషిని దొంగను చెయ్యడానికి ఆయన మాట ఒక్కటి చాలింది. కాదని చెప్పడానికి మాత్రం ఆ మాటకు బలం చాలలేదు.

కబురు తనే తీసుకుని సాగర్ పోయాడు. సైదులు రాళ్ల గంప కింద పెట్టి నిలబడ్డాడు.

"ఏమన్నరు మామా?"

"మందల కలుపుకుంటరట. ఊరికి రా అల్లుడా. మాఫ్ చేసిండ్రు."

"మాఫ్ చేసిండ్రా?" అన్నాడు సైదులు. "అంటే నేనింకా దొంగనే గద."

మేస్త్రీ అవతల నుంచి కేక వేశాడు. సైదులు తలగుడ్డ సర్దుకుని, "జర చెయ్యి పట్టు మామా" అన్నాడు. ఐలేశం వంగి, రాళ్ల గంప ఎత్తి అతని నెత్తిన పెట్టాడు.