చూపు మీద నిలిచిన ఇంజను

పొద్దున కార్ల రిపేరు షెడ్డు షట్టర్ ఎత్తగానే కూతురు చేసే మొదటి పని, నాన్న స్టూలు తుడిచి కారు ముందు వేయడం. ఆయన అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని, ఎత్తిన బానెట్ కింద ఇంజను వైపు చూపు నిలిపేవాడు. ఆమె బ్యాటరీ వైరు విప్పి, కారును స్టాండ్ల మీద నిలబెట్టి, పానాలు తీసుకుని కిందికి దూరేది.

ఆయన దేని మీద చూపు నిలిపితే, చూస్తున్నంతసేపు అది కింద పడదు. రెప్ప వేసినా ఫరవాలేదు, చూపు మాత్రం తిప్పకూడదు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే అది. పైకప్పుకి ఫ్యాను బిగించుకునేవాళ్లు, అద్దాల బీరువా మేడ మీదికి ఎక్కించేవాళ్లు, "పెద్దాయన్ని ఓ ఐదు నిమిషాలు పంపమ్మా" అని వచ్చేవాళ్లు. వెళ్లడానికి ఆయనకు తీరికేదీ?

గేర్‌బాక్స్ దించాలంటే దాన్ని పట్టుకున్న మౌంటింగ్ విప్పాలి. ఇంజనుకు ఆ పక్కన ఉన్న ఆసరా అదొక్కటే. విప్పగానే ఇంజను ఒరిగిపోతుంది. మిగతా షెడ్లలో ఏవో కడతారు, ఏవో పెడతారు. వీళ్ల షెడ్డులో నాన్న చూపు ఉంది. పదకొండేళ్లుగా అలాగే గడిచిపోయింది.

పక్క షాపు సీటు కవర్లు కుట్టే ఆవిడది. మిషను తొక్కుతూనే ఆయనతో కబుర్లు చెప్పేది. ఆయన తల తిప్పకుండానే జవాబిచ్చేవాడు. ఆవిడ గొంతు తెలుసు, దగ్గు తెలుసు, దారం తెగితే విసుక్కోవడం తెలుసు. ముఖమే సరిగ్గా చూడలేదు. ఆయన స్టూలు దిగేసరికి ఆవిడ తాళం వేసుకుని వెళ్లిపోయేది.

పోయిన వారం ఆవిడ ఓ పాత సీటు దులిపింది. దుమ్ము ఇటు వచ్చింది. ఆయన తుమ్మాడు. తుమ్ముతో పాటు తల కూడా కిందికి వంగింది. ఇంజను నాలుగు వేళ్లు దిగింది. కూతురు చెయ్యి లాగేసుకుంది గానీ, మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది.

ఆమె మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది. తర్వాత, "ఇంక ఇలా వద్దు నాన్నా" అంది.

"నా చూపు మీద నమ్మకం పోయిందా?"

"చూపు మీద కాదు. తుమ్ము మీద."

ఆయన నవ్వలేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆమె వెల్డింగ్ షాపుకెళ్లి బలమైన ఇనుప దూలం ఒకటి చేయించుకొచ్చింది. బానెట్ కింద రెండు పక్కలా ఉండే గట్టి అంచుల మీద దాని చివర్లు ఆనించింది. దూలం మధ్యలో పొడుగాటి బోల్టు, బోల్టుకు కొక్కెం. కొక్కేనికి గొలుసు వేసి, ఇంజను ఎత్తడానికని దాని మీదే ఉండే ఇనుప చెవికి తగిలించి, గొలుసు బిర్రుగా అయ్యేదాకా నట్టు తిప్పింది. కింద ఆయిల్ చాంబరుకు వెడల్పాటి చెక్క పలక అడ్డం పెట్టి జాకీ ఆనించింది. ఒకటి జారితే రెండోది పట్టుకుంటుంది. గేర్‌బాక్స్ కింద ఇంకో జాకీ పెట్టి, అప్పుడు మౌంటింగ్ విప్పింది.

"తల తిప్పు నాన్నా."

"నువ్వు ముందు బయటికి రా."

ఆమె పాకుతూ వచ్చి దూరంగా నిలబడింది. ఆయన మెడ పదకొండేళ్ల అలవాటు మానలేక కాసేపు మొరాయించింది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని తల పక్కకు తిప్పేశాడు. గొలుసు కిర్రుమంది. అంతే. ఇంజను ఉన్నచోటే ఉంది.

తన అవసరం తీరిపోయిందనిపించింది ఆయనకు. కళ్లు తెరిచాడు.

ఎదురుగా సీటు కవర్ల ఆవిడ నిచ్చెనెక్కి తన షాపు బోర్డు విప్పుతోంది. ఆయన ఆవిడ ముఖమే చూస్తుండగా, కింద నిచ్చెన జారి పక్కకు పడిపోయింది. ఆవిడ మాత్రం స్క్రూడ్రైవరు పట్టుకుని ఉన్నచోటే, గాల్లో ఆగిపోయింది.

"చూస్తున్నారా?" అంది మెల్లగా.

"చూస్తున్నాను. కంగారు పడకండి." ఆయన లేచి, చూపు తిప్పకుండా అడుగులో అడుగు వేసుకుంటూ ఆవిడ కిందుగా వచ్చి నిలబడ్డాడు. "బోర్డెందుకు తీస్తున్నారు?"

"మా చెల్లెలి ఊరు వెళ్లిపోతున్నాను. ఆమధ్య చెప్పాను కదా. 'మంచిది, కానివ్వు' అన్నారు."

ఆయనకు గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. "అది అమ్మాయితో అన్నాను. ఆఖరి బోల్టు విప్పనా అని అడిగింది. మీరేం అన్నారో నాకు వినబడనే లేదు."

ఆవిడ గాల్లోనే ఆలోచించింది. "వినబడుంటే ఏమనేవారు?"

"వెళ్లొద్దని అడిగేవాణ్ణి. ఆపైన మీ ఇష్టం."

కూతురు పరుగున వచ్చి నిచ్చెన నిలబెట్టి, "కాలు ఇటు వేయండి పిన్నిగారూ" అంటూ పట్టుకుంది. ఆవిడ మెట్టు మీద పాదం పెట్టింది గానీ దిగలేదు. బోర్డుకు అప్పటికే విప్పేసిన స్క్రూ ఒకటి బొడ్లోంచి తీసి, మళ్లీ దాని కన్నంలో పెట్టి బిగించింది. నెమ్మదిగా, చివరి మర దాకా. ఆ తర్వాత దిగొచ్చి నేల మీద నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

కూతురు తిరిగి షెడ్డులోకి వెళ్లి గేర్‌బాక్స్‌ను తిన్నగా వెనక్కి లాగి దించుకుంది. ఇంజను వెంట్రుకంతైనా కదల్లేదు.

"నేను దిగాను కదా," అంది ఆవిడ. "ఇంక మీరు చూపు తిప్పుకోవచ్చు."

"తెలుసు," అన్నాడాయన. తిప్పుకోలేదు.