వాసనతోనా, తీసెయ్యాలా?

పొద్దున్నే షాపు తలుపు తీయగానే సవాకో చేసే మొదటి పని తిట్టుకోవడం. ముందురోజు ఆరేసిన ఫోటోలన్నీ కలిసి కొట్టే కంపు అలాంటిది. ఒక తాడు మీద బడిపిల్లల చెమట మేజోళ్ళు, ఇంకో తాడు మీద కంపెనీ యాత్రకొచ్చి తాగి తూలిన గుమాస్తాల సాకే సారా వాసన, మధ్యలో ఎవరిదో అంత్యక్రియల అగరుపొగ. ఉరజాకి రేవూళ్ళో ఫోటోకి తీసిన చోటి వాసన పట్టుకునే వస్తుంది. అందుకే ఎవరు ఆర్డరిచ్చినా ఆవిడ అడిగే మాట ఒకటే: "వాసనతోనా, తీసెయ్యాలా?" తీసెయ్యమంటే, వాడేసిన టీ ఆకుల్ని ఎండబెట్టి రేకు డబ్బాలో పరిచి, వాటి మధ్య ఫోటోని ఓ వారం పెట్టేది. పెళ్ళివాళ్ళు మాత్రం వాసనతోనే పట్టుకెళ్ళేవాళ్ళు.

చిన్న కెమెరా ఫోటోలైతే ముక్కుకి ఆనించుకుంటే తప్ప తెలీదు. సవాకో వాళ్ళ నాన్న వదిలి పోయిన కెమెరా అలాంటిది కాదు. ఇటుకరాయంత బరువు, అరచేతికి సరిపోయే నెగటివ్, రీలుకి ఎనిమిదే ఫోటోలు. పైగా దానికి వెడల్పు లెన్సు. గుంపు ఫోటోలో రెండు చివర్ల నిలబడ్డవాళ్ళనీ వదలదు, వాళ్ళ వెనకున్న మరుగుదొడ్డి కంపునీ వదలదు.

ఒకరోజు చేపపిండి ఫ్యాక్టరీ మేనేజరు హిగాషిదే వచ్చాడు. మనిషి కంటే ముందు కంపు వచ్చింది. సవాకో మొహం పక్కకి తిప్పుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఒక్కటే ఫోటో, సవాకో గారూ. తలుపంత పెద్దది. మన రేవు మొత్తం పడాలి, నీలంగా, విశాలంగా. ఫ్యాక్టరీ మురుగుకి రెండో పైపు వేసుకోవడానికి జిల్లా ఆఫీసు అనుమతి ఇవ్వాలి. వాళ్ళు ఇంత దూరం ఎలాగూ రారు. ఫోటో చూసి ముద్ర వేస్తారు."

"వాసనతోనా, తీసెయ్యాలా?" అలవాటుకొద్దీ అడిగింది.

"భలేవారే," అని నవ్వాడాయన. "పూర్తిగా తీసెయ్యండి."

పాత పైపు రేవుకి అవతలి ఒడ్డున ఉంది. అటువైపు నీళ్ళలో ఇప్పుడు ఏదీ పెరగదు. కొత్తది ఇవతల వేస్తారు, మిత్సుయో తాళ్ళు కట్టి వకామే అనే తినే నాచు పెంచుకునే నీళ్ళలోకి. మిత్సుయో పక్కింటావిడే. సాయంత్రానికల్లా గుమ్మంలో నిలబడింది.

"తీస్తున్నావంటగా?"

"నేను కాకపోతే ఇంకోడు తీస్తాడు, అక్కా."

"తియ్యవే, బాగా తియ్యి. నా తాళ్ళు కూడా పడేలా తియ్యి. తర్వాత చూసుకోవడానికి ఉంటుంది నాకు."

సవాకోకి ఆ రాత్రి అన్నం సయించలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

వెడల్పు లెన్సుతో ఒక చిక్కుంది. దూరం నుంచి తీస్తే అన్నీ చీమల్లా కనబడతాయి, దగ్గరికి వెళ్ళి తీరాలి. రేవు మొత్తం పట్టే చోటు ఒక్కటే, పాత పైపు నోటి పక్కన బురద. మోకాళ్ళ దాకా దిగి స్టాండు పాతింది. కాలు తీసినప్పుడల్లా కుళ్ళిన పేగుల్లోంచి తీసినట్టు చప్పుడు. జిడ్డు నురగ, అందులో తేలే చేప కళ్ళు, వాటి మీద ఈగలు. రెండు ఫోటోలు తీసి అక్కడే డోక్కుంది. నోరు తుడుచుకుని మిగిలిన ఆరూ తీసింది.

ఫోటో అద్భుతంగా వచ్చింది, అదే ఒళ్ళు మండించింది. ఎంత ఆకాశం, ఎంత నీలం, ఓ మూల మిత్సుయో తాళ్ళు ముత్యాల వరసలా. అంచున పడ్డ పైపు నోటిని కత్తెరతో తీసేసింది. కంపుని కత్తిరించడం ఎవరి తరం? అది షాపంతా నిండి వీధిలోకి నడిచింది. పిల్లి కూడా ఇల్లు వదిలి పోయింది.

టీ ఆకుల డబ్బా మూత తీసింది. కాసేపు చూసింది. ఫోటో పెట్టకుండానే మళ్ళీ మూత పెట్టేసింది.

హిగాషిదే వచ్చేసరికి ఆవిడ, వాసన పోలేదేమని అడిగితే ఏం చెప్పాలో అంతా సిద్ధం చేసుకుంది: ఆకులు పాతవి, వానాకాలం, పెద్ద నెగటివ్. ఆయన ఫోటోని రెండు చేతులా ఎత్తి, ముక్కు ఆనించి, గట్టిగా పీల్చాడు.

"ఒక్క రవ్వ కూడా లేదు. మీ నాన్నగారి చేయి మీకు వచ్చింది."

సవాకో చుట్టుకోవడానికి బట్ట అందించింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో ఉన్న మనిషి, ఆ కంపు ఇక ఆయన ముక్కుకి తెలీదు. ఆయన ఫోటోని బట్టలో పొందికగా చుట్టుకుని రైలెక్కాడు.

తిరిగొచ్చింది మర్నాడు మధ్యాహ్నం. నేరుగా షాపుకే వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"రైల్లో నేనెక్కిన పెట్టె మొత్తం ఖాళీ అయింది. మేనేజరునని చోటిస్తున్నారనుకున్నాను," అన్నాడు. "ఆఫీసులో మూట విప్పగానే కిటికీలు తెరిచారు. ఒకాయన బయటికి పరిగెత్తాడు. ఫోటో బాగుందా అని నవ్వుతూ నేనొక్కణ్ణే నిలబడ్డాను. పైపు సంగతి ఇంక ఎత్తొద్దన్నారు."

సవాకో తిట్లకోసం కాచుకుని ఉంది. ఆయన పర్సులోంచి చిన్న ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. సవాకో వాళ్ళ నాన్న తీసింది. హిగాషిదే ఒళ్ళో పది రోజుల కూతురు.

"దీన్ని మీ నాన్నగారిని వాసనతోనే ఉంచమన్నాను. రోజూ చూసుకుంటాను. ఏం వాసన వస్తోందో చెప్పండి."

సవాకో ముక్కు దగ్గర పెట్టుకుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"చేపపిండి," అంది.

ఆయన తలూపాడు. తర్వాత కోటు విప్పి గుమ్మం బయట పడేసి వచ్చాడు. ఆ రోజు తర్వాత మళ్ళీ ఫ్యాక్టరీ మెట్లెక్కలేదు, కానీ అప్పటికి అడిగింది ఒక్కటే.

"తీసెయ్యగలరా?"

"మీ పర్సులో ఉండి పైన పట్టింది పోతుంది. అడుగున పాల వాసన మిగిలి ఉంటే, మీకు కాకపోయినా మీ అమ్మాయికి తెలుస్తుంది."

సవాకో రేకు డబ్బా మూత తీసి, కొత్త ఆకులు పరిచింది.