ఆకు మీద మబ్బు

నడి వేసవిలో వానను పిలవగల మొనగాడు మా అడవి పక్క ఒక్కడే ఉన్నాడు. నేనే. ఆ రోజు తునికాకు కల్లం మీదికి మబ్బును తోలుకొచ్చింది నేనే. కావాలంటే మబ్బునే అడగండి. నవ్వకండి, ముందు వినండి.

కల్లం అంటే తెలియని కాలేజీ పిల్లల కోసం చెబుతున్నాను. అడవిలో కోసిన ఆకును కట్టలు కట్టి, గుత్తేదారుకు అప్పజెప్పి, ఇసుక మీద ఎండబెట్టే చోటు అది. ఎండితే బీడీ, తడిస్తే చెత్త. కోసినవాళ్లకు కూలి మాత్రం సీజన్ అయిపోయాకే. సెల్‌ఫోన్ సిగ్నల్ కోసం జనం చెట్లెక్కుతున్న రోజులవి.

ఆ మధ్యాహ్నం పగిడయ్య ఏడేళ్ల కూతురు వనజను భుజాన వేసుకుని కల్లానికి పరుగెత్తుకొచ్చాడు. వెనక భార్య జంపక్క. పిల్ల మెడ వాలిపోయింది, పళ్లు బిగుసుకున్నాయి. ఆర్‌ఎంపీ డాక్టరు ఎక్కించిన సెలైన్ సీసాలకే వాళ్ల మేకలన్నీ పోయాయి. చివరికి నర్సు ప్రమీలారాణి చూసి, “మలేరియా తలకెక్కింది, జల్దీ భద్రాచలం తీస్కపోండి” అంది. పోవడానికి బండి కావాలి. పోయాక మందులకు పైసలు కావాలి. రెండూ గుత్తేదారు దగ్గరే ఉన్నాయి.

“సారూ, మా కూలి మాకియ్యి. జీపియ్యి. బిడ్డ పోతాంది.”

గుత్తేదారు జీపులోంచి దిగలేదు. “నీకొక్కనికిస్తే రేపు అందరు జ్వరమనే వస్తరు. ఇదేమన్న అంబులెన్సా?”

“ఆకు మేం కోసిందే గద?” అంది జంపక్క.

“కోసినవ్. అమ్ముడుపోనియ్యి మరి.”

అప్పుడు ఉరిమింది. గుత్తేదారు ఒక్క దూకున జీపు దిగాడు. “ఏయ్, ఆకు ఎత్తుండ్రి! కుప్పలెయ్యుండ్రి!”

అలవాటు ఎంత పాడుదో చూడండి. అందరం వంగాం. పగిడయ్య కూడా బిడ్డను తల్లి చేతిలో పెట్టి వంగాడు.

తండా నుంచి వచ్చే కమ్లి చేతిలోని కట్టలు నేలకేసి కొట్టింది. “లెవ్వన్నా! నీ బిడ్డ సస్తుంటే ఆయన ఆకు ఎత్తుతవా?”

“ఆకు ఖరాబైతే మన కూలి గూడ పోతది కమ్లీ!” అన్నారెవరో.

“పోనీ. ఇప్పటిదాక కండ్ల జూసినవా దాన్ని?”

ఆమె చేతులు కట్టుకుంది. పగిడయ్య నడుమెత్తాడు. ఒకరి తర్వాత ఒకరు, కోయగూడెం, తండా, అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అందరం అన్నాను గదా, నన్ను తీసెయ్యండి. వానను నేను పిలవలేదు. నా మంత్రానికి ఇంతవరకూ ఈగ కూడా కదల్లేదు. తొలి చినుక్కే టార్పాలిన్ కింద దూరితే, కమ్లి నా కాలు పట్టి బయటికి లాగింది.

గుత్తేదారు తిట్టాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు.

“చేతులు మావి, ఆకు నీది. ఎత్తుకో సేటూ,” అంది కమ్లి.

కట్టల మీద చినుకులు టపటపమన్నాయి. “తీస్కపోండి జీపు!” అని అరిచి నోట్లు విసిరాడు. “తండ్రి మాత్రం ఈడనే ఉండాలె. ఆకంత ఎత్తినంకనే పోతడు.”

కొట్లాడే సమయం లేదు. “నేనుంట. నువ్వు పో తాతా,” అన్నాడు పగిడయ్య. జంపక్కతో నేనెక్కాను.

సారపాక దాటాం. గోదావరి వంతెన మీద వనజ కళ్లు తెరిచింది. “నాయనేడి?” అంది. అంతే. దవాఖానా గేటు దగ్గర డాక్టరు చెయ్యి పట్టి చూసి వదిలేశాడు.

పొద్దున బిడ్డను తెచ్చేసరికి పగిడయ్య తడిబట్టలతో కల్లంలోనే ఉన్నాడు. “ఏమన్న అన్నదా తాతా?”

“నాయనేడి అన్నది.”

బిడ్డను తీసుకుని ఆకు కుప్ప ముందు కూర్చున్నాడు. “జవాబు చెప్పకుంట మట్టి జెయ్య,” అన్నాడు. అందరం చుట్టూ కూర్చున్నాం. కూలి వారం వారం ఇవ్వాలి, కల్లం కల్లానికి దవాఖానా బండి ఉండాలి. అప్పటిదాకా ఒక్క కట్ట కదలదు. పక్క కల్లాలవాళ్లూ ఆకు వదిలేసి వచ్చారు.

పోలీసు వ్యాను వచ్చింది. “ఎవడ్రా ఆ పిల్ల తండ్రి?” అన్నాడు ఎస్సై.

“ఈడనే ఉన్నం!” అని కల్లమంతా లేచింది. వ్యాను చాలలేదు. ఎక్కించినవాళ్లను ఎక్కించారు, మిగిలినవాళ్లు వెనక నడిచారు. ఇప్పటికీ మా కల్లాల మీద కొట్లాటంటే మొదటి కేక అదే.

ఇక ఒకటి ఒప్పుకోవాలి. వనజ కళ్లు తెరవలేదు. ఏమీ అడగలేదు. పగిడయ్య ముఖం చూశాక నా నోటికొచ్చిన మాట అది. బిడ్డను దారంతా ఒళ్లో పెట్టుకున్న జంపక్క పక్కనే ఉంది. నావైపు ఒక్కసారి చూసింది. కాదనలేదు. ఎస్సై అడిగినప్పుడు అందరికంటే ముందు అరిచింది ఆమే.