ముందే రాలే తుప్పు

లారీల షెడ్డు మేస్త్రీకి కోపం వస్తే మణికట్ల నుంచి తుప్పు రాలేది. ముందు ఎర్రటి పొడి, ఆ వెనకే దెబ్బ. అతని భార్యకి అది అలవాటే. పొద్దున్నే పక్క దులిపి, అతని చొక్కాలు విడిగా నానబెట్టేది. తింటున్న కంచం అంచున పొడి కనబడగానే కూతుర్ని పక్కింటికి తరిమి, తను తలుపు దగ్గరికి జరిగేది. సగం దెబ్బలు అలా తప్పేవి.

భార్య పోరు పడలేక ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ ఆ పొడిని వేళ్లతో నలిపి చూసింది. "ఇనుముని తిన్నట్టు ఆక్సిజనే మీ రక్తనాళాల గోడల్ని తినేస్తోంది. సిగరెట్లు, బీపీ, ఈ కోపం, అన్నీ దానికి మేతే. దెబ్బతిన్న చోటల్లా కొవ్వు పేరుకుంటుంది. మందులు వాడకపోతే గుండెకెళ్లే నాళం మూసుకుపోతుంది."

"నా గుండె సంగతి నాకు తెలుసులేమ్మా" అని మేస్త్రీ మందుల చీటీ అక్కడే చింపేశాడు.

ఆ వారమే షెడ్డులో పనిచేసే బావమరిది, చక్రం నట్లు సరిగా బిగించకుండా లారీని పంపేశాడు. మేస్త్రీ చేతుల నుంచి తుప్పు ధారకట్టింది. జాకీ రాడ్డుతో మొహం మీద కొట్టాడు. పళ్లు ఊడాయి. రెండో దెబ్బకి కనుబొమ చీలింది. మూడోసారి ఎత్తిన రాడ్డు జారిపోయింది. మేస్త్రీ గుండె పట్టుకుని నూనె మడుగులో కూలిపోయాడు.

క్యారేజీ తెచ్చిన భార్య గుమ్మంలోకి వచ్చేసరికి తమ్ముడు ఆమె మొగుడి రొమ్ముని రెండు చేతులా కుమ్మేస్తున్నాడు. పక్కటెముక ఫట్టుమంది.

"వద్దురా! చంపేస్తావా ఏంటి?"

"చంపట్లేదక్కా, బతికిస్తున్నా! అంబులెన్సుకి ఫోన్ చెయ్యి!"

అతని నోటి రక్తం బావ చొక్కా మీద కారుతోంది. నొక్కినప్పుడల్లా బావ ముక్కులోంచి, నోట్లోంచి తుప్పు ఎగజిమ్మింది. అది పూర్తిగా ఆగాక నాడి అందింది.

ఆసుపత్రిలో స్టెంటు వేశారు. "మిగతా నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, అదృష్టవంతుడు" అంది డాక్టరమ్మ.

ఇంటికి పంపే రోజు, మంచినీళ్లు ఆలస్యమయ్యాయని మేస్త్రీ, భార్య జుట్టు పట్టి ఆమె మొహాన్ని మంచం కడ్డీకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. ఆమె నొప్పి మరిచి దుప్పటి వంక చూసింది. తెల్లగా ఉంది. అతని మణికట్లు నున్నగా ఉన్నాయి. ఒక్క రేణువు రాలలేదు.

ఇక ముందుగా తెలిసే దారి లేదు.

ఆమె వరండాలోకి వచ్చింది. మొహానికి కట్లతో తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"బావ మందులు తేవాలా అక్కా?"

"ఆ పని మీ బావ వాళ్లన్నయ్యకి అప్పజెప్పు. నువ్వెళ్లి పాపని బడి నుంచి తీసుకురా. మేం మీ ఇంటికి వస్తున్నాం."