పుష్పకుమారి టేపు

గాజువాకలో ఆటోనగర్‌కి వెళ్ళే దారిలో పుష్పకుమారి పదహారేళ్ళుగా జాకెట్లు కుడుతోంది. ఆది జాకెట్టు పంపితే తీసుకోదు. మనిషి రావాల్సిందే, టేపుతో కొలవాల్సిందే. రొమ్ములో గడ్డ ఉంటే ఆ టేపు అక్కడే ముడి పడుతుంది. ముడి పడినవాళ్ళు గుడ్డ ఆమె దగ్గరే వదిలేసి ఆసుపత్రికి వెళ్తారు. చాలామందివి ఉత్త గడ్డలేనని తేలుతుంది, కొందరు వైద్యం మొదలుపెడతారు.

చేపలమ్మే వరహాలమ్మకి ముడి పడినప్పుడు, సెల్‌ఫోను జాకెట్లో పెట్టుకోబట్టే వచ్చిందని ఆవిడే తేల్చేసింది. ఫోను సంచిలోకి మార్చి, ఇక ఆసుపత్రెందుకంది. పుష్పకుమారి ఆటో ఎక్కించేదాకా వదల్లేదు.

ఇంత తెలిసిన మనిషి మొగుణ్ణి మాత్రం ఏనాడూ కొలవలేదు. యేసుదానం ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పని చేస్తాడు. అతని చొక్కాలకి పాత చొక్కానే ఆది. మగవాడికి టేపెందుకని ఆవిడా అందరిలాగే అనుకుంది మరి!

ఈ క్రిస్మస్‌కి చొక్కా కుడదామంటే ఆది చొక్కా కనపడలేదు. అతనే మిషను తుడవడానికి చింపేశాడట. నాలుగు తిట్లు తిట్టి, నిలబెట్టి ఛాతీకి టేపు చుట్టింది. ఎడమ చనుమొన పక్కన ముడి పడింది.

యేసుదానం పకపకా నవ్వాడు. "ఏటే, నీ టేపుకి ఆడేటో మగేటో తెలీడం నేదా?"

ఆమె వేలితో నొక్కి చూసింది. చింతగింజంత గడ్డ. "ఎన్నాళ్ళయిందండీ ఇది?"

"ఏసంకాలం నుంచుంది. మిషను మీద వంగి పనిసేత్తన్నాను కదా, ఒరుసుకుందనుకున్నాను. నొప్పి నేదు."

"వరహాలమ్మక్కకి మాత్రం నొప్పుందేటి? ఎల్దాం పదండి."

"ఆడోల లైన్లో నాను కూకోను. సూది గుచ్చితే ఒళ్ళంతా పాకేత్తాదంట కూడాను."

ఎప్పుడూ గోటికి వచ్చే ముడి ఆ రోజు రాలేదు. కత్తెరకీ తెగలేదు. టేపు మీదే చొక్కా తొడుక్కుని పనికి పోయాడు. లేత్ దగ్గర ఒంటి మీద ఏదీ వేలాడకూడదు, తిరిగే ఇనుము లాగేస్తుంది. అతను వంగినప్పుడల్లా టేపు కొస చొక్కాలోంచి బయటికి జారింది. షాపు ఓనరు జయంత్ చూసి మిషను కట్టేశాడు.

"ఆ టేపు ముడి ఇప్పించుకుని రా బావా. అప్పటిదాకా మిషను ముట్టుకోకు."

రెండు రోజులు ఇంట్లో గోళ్ళు గిల్లుకుని, మూడో రోజు పెళ్ళాం వెనకాల ఆసుపత్రికి నడిచాడు. డాక్టరమ్మ టేపు కొంచెం పక్కకి జరిపి చూసింది. "తక్కువే గానీ మగవాళ్ళకీ వస్తుందయ్యా. సూదితో పాకదు. గుచ్చకపోతే అదేమిటో తెలియదు." సూది తీసిన మరుక్షణం టేపు వదులై అతని ఒళ్ళో పడింది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. చంకలోకి పాకలేదని, ఆపరేషనయ్యాక మందులు వాడితే బతుక్కి ఢోకా ఉండకపోవచ్చని, ఇంకో ఏడాది ఆగుంటే మాత్రం చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ అంది.

ఆడవాళ్ళ లైన్లో, బెంచీ మీద, పుష్పకుమారి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఊరందరినీ కొలిసేనండీ. ఇంట్లో మిమ్మల్ని కొలవనేదు."

యేసుదానం చుట్టూ ఉన్న ఆడవాళ్ళని చూశాడు. సిగ్గుపడుతూనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు కొలిసేవు కదే. నాను బతికే ఉన్నాను, సూడు."